ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలా?

అమెరికాలో పదేళ్లుగా ఉద్యోగం చేస్తూ, డిగ్రీ లేదన్న ఒక్క కారణంతో ప్రమోషన్ దగ్గర ఆగిపోయిన మనిషికి చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే సలహా చెబుతారు. ‘‘ఎక్కడో ఒకచోట చేరి ఓ డిగ్రీ తెచ్చుకో. రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. ప్రవేశ పరీక్షలూ గట్రా ఉండవు. లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తారు. అసలు లేనిదానికంటే నయం కదా!’’ చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. వినేవాడికీ అది సబబుగానే తోస్తుంది.

ఈ సలహానే వాషింగ్టన్‌లో సూటు తొడుక్కుని సిద్ధాంతంగా మాట్లాడుతుంది. పెద్ద విశ్వవిద్యాలయాలు గుమ్మం దగ్గరే ఆపేసిన ఒంటరి తల్లులను, మాజీ సైనికులను, నలభై దాటిన కార్మికులను పిలిచి కూర్చోబెట్టింది లాభాల కోసం నడిచే కాలేజీలేనని, వాటిని విమర్శించడమంటే ఆ పేద విద్యార్థుల అవకాశాన్ని లాక్కోవడమేనని వాదించేవాళ్లు చట్టసభల్లో ఉన్నారు, పత్రికల్లో ఉన్నారు. దయగా వినిపించే వాదన కాబట్టి ఇన్నేళ్లు నిలబడింది. కానీ ఎవరి పేరు చెప్పి ఈ వాదన చేస్తున్నారో, వాళ్లకే ఇది ఎక్కువ చేటు చేసింది. ఈ కాలేజీల్లో చేరి, చేరకముందుకన్నా దిగజారినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ సంగతి అధ్యయనాల్లో ఉంది, కోర్టు రికార్డుల్లో ఉంది, అమెరికా ప్రభుత్వం మాఫీ చేసిన అప్పుల పద్దుల్లో ఉంది.

ఆ వాదనలో నిజమున్నంత మేరా ముందు ఒప్పుకోవాలి. జాన్ స్పెర్లింగ్ 1976లో యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్ పెట్టేనాటికి అమెరికా విశ్వవిద్యాలయాలకు ఉద్యోగస్తుల గోడు పట్టేది కాదు. శాన్ హోసే స్టేట్‌లో పాఠాలు చెప్పిన స్పెర్లింగ్‌కు ఉపాధ్యాయులతో, పోలీసులతో కలిసి పనిచేసిన అనుభవం ఉంది. పగలంతా పనిచేసి వచ్చేవాళ్లకు సాయంత్రాలే తరగతులు ఉండాలని, వాళ్ల ఉద్యోగానుభవానికి చదువులో విలువ ఉండాలని ఆయన పట్టుబట్టాడు. మొదట్లో 23 ఏళ్లు నిండి, ఉద్యోగంలో ఉన్నవాళ్లనే చేర్చుకునేవారు. ఆ ఆలోచనలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

తప్పు తర్వాత మొదలైంది. 1994లో మాతృసంస్థ అపోలో గ్రూప్ షేర్లు స్టాక్ మార్కెట్‌కు వెళ్లాయి. అక్కడినుంచి ప్రతి మూడు నెలలకూ కొత్త విద్యార్థుల సంఖ్య పెంచి చూపించాల్సిన అగత్యం పట్టుకుంది. వయసు, ఉద్యోగం నిబంధనలు సడలిపోయాయి. కాలేజీలో సగానికి మించి ఆన్‌లైన్ చదువులుంటే ఫెడరల్ సాయం దక్కదన్న నిబంధనను 2006లో కాంగ్రెస్ ఎత్తేసింది. 2010 నాటికి ఫీనిక్స్ విద్యార్థులు దాదాపు 4.7 లక్షలు. ఈ మధ్యలోనే, సొంత ఫుట్‌బాల్ జట్టంటూ లేని ఈ విశ్వవిద్యాలయం అరిజోనాలోని గ్లెన్‌డేల్ స్టేడియానికి 20 ఏళ్లపాటు తన పేరు పెట్టించుకోవడానికి 15.45 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. స్పెర్లింగ్ తొలినాటి ఉద్దేశం చూపించి నేటి వ్యాపారాన్ని సమర్థించేవాళ్లు ఈ ముప్ఫై ఏళ్ల చరిత్రను దాటేస్తున్నారు.

డబ్బు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతోందో చూస్తే వ్యవహారం తేటపడుతుంది. సెనేటర్ టామ్ హార్కిన్ అధ్యక్షుడిగా ఉన్న సెనేట్ కమిటీ రెండేళ్లపాటు 30 కంపెనీల లెక్కలు తిరగేసి 2012 జులైలో నివేదిక ఇచ్చింది. 2009లో ఆ కంపెనీలు తమ ఆదాయంలో 22.4 శాతాన్ని ప్రకటనలకు, విద్యార్థులను పట్టుకురావడానికి వాడాయి. 19.4 శాతం లాభంగా మిగుల్చుకున్నాయి. పాఠాలు చెప్పడానికి ఖర్చు పెట్టింది 17.2 శాతం. విద్యార్థులను చేర్పించే రిక్రూటర్లు 35,202 మంది. చదువు అయ్యాక ఉద్యోగం వెతికిపెట్టడానికి ఉన్న సిబ్బంది 3,512 మంది. ఉద్యోగం కోసమే ఈ కాలేజీలో చేరిన మనిషికి ఉద్యోగం చూపించేవాడు ఒకడుంటే, చేర్పించేవాళ్లు పదిమంది ఉన్నారన్నమాట. 2008–09లో చేరినవాళ్లలో 54 శాతం 2010 మధ్యకల్లా డిగ్రీ చేతికి రాకుండానే మానేశారు.

ఇదంతా స్వేచ్ఛా మార్కెట్టని, సరుకు బాగాలేకపోతే కొనేవాళ్లు ఉండరని చెప్పేవాళ్లు డబ్బు ఎవరిదో మరిచిపోతున్నారు. 2009–10లో ఈ రంగానికి ముట్టిన ఫెడరల్ గ్రాంట్లు, లోన్లు దాదాపు 3,200 కోట్ల డాలర్లు. కాలేజీ తన ఆదాయంలో 90 శాతం దాకా ఫెడరల్ విద్యాసాయం నుంచే తీసుకోవచ్చు. మిగతా పది శాతమన్నా బయటినుంచి రావాలనేదే 90/10 నిబంధన. తమ డబ్బో, తాము పనిచేసే కంపెనీ డబ్బో కట్టి చేరేవాళ్లు పదోవంతైనా ఉంటేనే ఆ చదువుకు మార్కెట్లో విలువ ఉన్నట్టని దీని ఉద్దేశం. ఆ పదోవంతుకూ అడ్డదారి దొరికింది. మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వమిచ్చే జీఐ బిల్లు సొమ్ము చాలాకాలం ఈ 90 లెక్కలోకి రాలేదు. దాంతో ఒక సైనికుడి ద్వారా ఒక డాలరు వస్తే, మిగతా విద్యార్థుల పేరిట తొమ్మిది ఫెడరల్ డాలర్లు తీసుకునే వీలు కలిగింది. సైనిక స్థావరాల చుట్టూ రిక్రూటర్లు తిరిగింది ఇందుకే. జీఐబిల్ డాట్ కామ్ అనే వెబ్‌సైట్ ఒకటి ఉండేది. చూస్తే ప్రభుత్వానిదే అనుకునేలా ఉంటుంది. నడిపింది మాత్రం కాలేజీలకు విద్యార్థుల వివరాలు అమ్ముకునే క్విన్‌స్ట్రీట్ కంపెనీ. 20 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు పట్టుకుంటే 2012లో ఆ కంపెనీ 25 లక్షల డాలర్లు కట్టి, వెబ్‌సైట్‌ను మాజీ సైనికుల శాఖకు అప్పగించింది. ఆ అడ్డదారి మూయడానికి 2021లో చట్టం వచ్చింది. అమలు 2023లో మొదలైంది.

అసలు చేర్పించడం ఎలా జరిగేదో దగ్గరనుంచి చూడాలి. ఎవరో ఒకావిడ రాత్రి పిల్లలు పడుకున్నాక ఏదో వెబ్‌సైట్‌లో పేరు, ఫోన్ నంబరు నింపుతుంది. కాసేపటికే ఫోన్ మోగుతుంది. అవతలి గొంతు ఆప్యాయంగా పలకరిస్తుంది. ఆ ఆప్యాయతకు రాతపూర్వకమైన శిక్షణ ఉంది. ఐటీటీ టెక్ అనే లాభాల కాలేజీ తన రిక్రూటర్లకు ఇచ్చిన కాగితాల్లో ‘పెయిన్ ఫనెల్’ అనే ప్రశ్నల వరస సెనేట్ కమిటీకి దొరికింది. నొప్పి ఎక్కడుందో ముందు తడిమి, తర్వాత మెట్టుమెట్టుగా లోతుకు దిగడం దాని పద్ధతి. మీ ఇబ్బంది ఏమిటి, ఎన్నాళ్లనుంచి ఉంది, బయటపడటానికి ఏం చేశారు, అది పనిచేసిందా, ఇందువల్ల మీరెంత నష్టపోయారు, ఇక చేతులెత్తేశారా. ఆవిడ గొంతు జీరబోయే దాకా ప్రశ్నలు ఆగవు. అప్పుడు దరఖాస్తు బయటికొస్తుంది. కొరింథియన్ కాలేజెస్ మీద కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌గా కమలా హారిస్ 2013లో వేసిన దావా ఇంకా కఠోరమైన సంగతి బయటపెట్టింది. తమ మీద తమకు నమ్మకం లేనివాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు, పట్టించుకునే మనిషి లేనివాళ్లు, ముందుచూపుతో ఆలోచించుకోలేనివాళ్లు తమకు అనువైన విద్యార్థులని ఆ కంపెనీ లోపలి పత్రాల్లోనే రాసుకుంది.

పెద్దవాళ్లు కదా, తమ మంచిచెడ్డలు తామే చూసుకోవాలి అనే మాట తరచు వినిపిస్తుంది. చూసుకోవడానికి వాళ్ల ముందు పెట్టిన సమాచారమే అబద్ధమైతే ఏం చూసుకుంటారు? ఉద్యోగం కోసం వెతికిన తమ పట్టభద్రుల్లో 90 శాతం మందికి ఆర్నెల్లలో తమ రంగంలోనే పని దొరికిందని డెవ్రై యూనివర్సిటీ ప్రకటనలు చెప్పాయి. ఆ ప్రకటనలు మోసపూరితమని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేస్తే 2016లో 10 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. మైక్రోసాఫ్ట్, ఏటీ అండ్ టీ వంటి కంపెనీలతో కలిసి తమ విద్యార్థులకు ఉద్యోగావకాశాలు తయారుచేస్తున్నామన్నట్టు ఫీనిక్స్ ప్రకటనలు ఇచ్చింది. దాని మీద అదే కమిషన్ పెట్టిన కేసు 2019 డిసెంబరులో 19.1 కోట్ల డాలర్ల దగ్గర తెమిలింది. కొరింథియన్ సంగతి సరేసరి. ఒక్కరోజు చేసిన పనినీ ఉద్యోగం కింద లెక్కేసిందని, తమ విద్యార్థులను కొన్నాళ్లు పెట్టుకోమని యజమానులకే డబ్బులిచ్చిందని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2014లో దావా వేసింది. ఒక కుటుంబం ఇల్లు కొనేటప్పుడు అమ్మకందారు దొంగ పత్రాలు చూపిస్తే తప్పు కొన్నవాళ్లదని ఎవరూ అనరు. చదువు విషయంలో మాత్రం ఆ మాట ఎందుకు చెల్లుతోందో సమర్థకులు చెప్పాలి.

ఇవన్నీ కొన్ని చెడ్డ కంపెనీల కథలు, ఎలాగోలా డిగ్రీ పూర్తిచేసినవాడికి విలువ దక్కుతుంది కదా అనేది తర్వాతి వాదన. దీనికి జవాబు అభిప్రాయాలతో కాక ప్రయోగంతో దొరికింది. డేవిడ్ డెమింగ్, క్లాడియా గోల్డిన్, లారెన్స్ కాట్జ్ తదితర ఆర్థికవేత్తలు వేల సంఖ్యలో కల్పిత రెజ్యూమేలు తయారుచేసి నిజమైన ఉద్యోగ ప్రకటనలకు పంపారు. ఈ గోల్డిన్‌కే 2023లో నోబెల్ వచ్చింది. రెజ్యూమేల మీద పేర్లు, అనుభవం కలగలిపి పంచేసి, చదివిన చోటు ఒక్కటే తేడా చూపేలా ఏర్పాటు చేశారు. అవతలి మేనేజర్ ఎవరికి ఫోన్ చేశాడో లెక్కపెట్టారు. ఆన్‌లైన్ లాభాల కాలేజీ నుంచి బిజినెస్ డిగ్రీ తెచ్చుకున్న అభ్యర్థికి, పెద్దగా పేరులేని మామూలు ప్రభుత్వ కాలేజీ అభ్యర్థికన్నా పిలుపు వచ్చే అవకాశం 22 శాతం తక్కువని తేలింది. ఇది 2016లో అచ్చయింది. అంతకు ముందు ఏడాది రాజీవ్ దరోలియా బృందం ఇలాంటి ప్రయోగమే చేసింది. లాభాల కాలేజీ పేరున్న రెజ్యూమేకు, అసలు కాలేజీ మెట్టే ఎక్కని రెజ్యూమేకు మధ్య యజమానులు మొదటిదాన్ని ఎక్కువ ఇష్టపడ్డారనడానికి ఆధారం దొరకలేదు. ‘అసలు లేనిదానికంటే నయం’ అన్న మాటను ఈ ఒక్క ఫలితం పునాదితో సహా కదిలిస్తుంది.

స్టెఫనీ సెలీని, నికొలస్ టర్నర్ వేరే దారిలో వెళ్లారు. పన్నుల రికార్డులతో జతచేసి, సర్టిఫికెట్ కోర్సులు చదివిన లక్షలమంది సంపాదనను చదువుకు ముందూ తర్వాతా పోల్చి చూశారు. ప్రభుత్వ కాలేజీల్లో అవే తరహా కోర్సులు చేసిన అలాంటివాళ్లతో పోలిస్తే లాభాల కాలేజీవాళ్లు 11 శాతం తక్కువ సంపాదిస్తున్నారు. మరి కట్టిన ఫీజు? హార్కిన్ నివేదిక ప్రకారం రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి లాభాల కాలేజీలో సగటున 34,988 డాలర్లు, కమ్యూనిటీ కాలేజీలో 8,313 డాలర్లు. నాలుగింతలకు పైగా కట్టి తక్కువ సంపాదన తెచ్చుకోవడం ఏ లెక్కన మేలు?

ఇక్కడ సమర్థకుల దగ్గరున్న బలమైన వాదన ముందుకొస్తుంది. వాళ్లు చేర్చుకునేదే కష్టాల్లో ఉన్నవాళ్లను, కాబట్టి ఫలితాలు తక్కువగానే ఉంటాయి, ఆ నేరం కాలేజీది కాదంటారు. ఒకే రకం విద్యార్థులను పోల్చిన అధ్యయనాలు పైన చెప్పినవే. అది చాలదనుకుంటే న్యూయార్క్ నగరం వైపు చూడాలి. సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో అసాప్ అనే పథకం మొదలుపెట్టింది. గ్రాంట్లు పోను మిగిలిన ఫీజు మాఫీ, మెట్రో కార్డు, పాఠ్యపుస్తకాల ఖర్చు, తరచు కలిసి మాట్లాడే సలహాదారు. ఇంతకుమించి మాయామర్మం లేదు. తక్కువ ఆదాయం కలిగి, స్కూలు చదువులోనే వెనకబడిన విద్యార్థుల మీద ఎండీఆర్‌సీ సంస్థ లాటరీ పద్ధతిలో పరీక్షించి చూస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు 22 శాతం నుంచి 40 శాతానికి పెరిగారు. ఈ పథకం పూర్తికాలం చదివేవాళ్లకే కాబట్టి ఉద్యోగస్తులందరికీ ఉన్నదున్నట్టు వర్తించదు. కానీ పేద విద్యార్థి చదువు మధ్యలో మానేయడం తలరాత కాదని, కాలేజీ చేతిలో చాలా ఉందని తేల్చడానికి ఇది సరిపోతుంది. పెద్దవాళ్ల విషయానికొస్తే టెనెసీ రాష్ట్రం 2018 నుంచి ‘రీకనెక్ట్’ పేరిట డిగ్రీ లేని వయోజనులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు లేకుండా చేసింది. మిషిగన్ 2021లో అదే బాట పట్టింది. ఒక తలుపు మూసుకుంటే మరో తలుపే లేదన్న మాట అబద్ధం.

మధ్యలో మానేసినవాళ్లు ఆ చదివిన కాస్త చదువునైనా దక్కించుకుంటారా అంటే అదీ లేదు. కాలేజీలు మారిన విద్యార్థుల క్రెడిట్లు ఏమవుతున్నాయో ప్రభుత్వ అకౌంటబిలిటీ ఆఫీసు 2017లో లెక్క తీసింది. లాభాల కాలేజీ నుంచి ప్రభుత్వ కాలేజీకి మారినవాళ్లు సగటున 94 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారు. ఏళ్లతరబడి రాత్రిళ్లు చదివిన చదువంతా లెక్కలోంచి ఎగిరిపోయినట్టే. పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటుకు జీవితకాలం మొత్తం మీద 12 సెమిస్టర్ల పరిమితి ఉంది, అందులోనూ కొన్ని ఖర్చయిపోతాయి. విద్యార్థి లోన్‌ను దివాలా పిటిషన్‌తో వదిలించుకోవడం మహా కష్టం. కట్టలేకపోతే ప్రభుత్వం జీతంలో కోత పెట్టగలదు, పన్ను రీఫండ్ పట్టేసుకోగలదు. ఇరవై ఏళ్ల కుర్రాడికి దెబ్బ తగిలినా కోలుకునే వయసు ఉంటుంది. ఇద్దరు పిల్లలతో, నెలనెలా అద్దెతో నెట్టుకొస్తున్న 38 ఏళ్ల ఉద్యోగికి ఆ వెసులుబాటు ఉండదు. అందుకే ‘ఏదో ఒకటి’ అనే సలహా కుర్రవాళ్లకన్నా వీళ్లకే ప్రమాదకరం.

గుర్తింపు ఉంటే చాలు అనే నమ్మకం తెలుగువాళ్లలో మరీ గట్టిది. దానికి కారణం ఉంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని గుర్తింపు లేని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. కొందరి కాళ్లకు జీపీఎస్ పట్టీలు తగిలించారు. 2019లో మిషిగన్‌లో ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన ఉత్తుత్తి ఫార్మింగ్టన్ యూనివర్సిటీలోనూ తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఇరుక్కున్నారు. ఆ దెబ్బలతో ‘అక్రెడిటేషన్ ఉందో లేదో చూసుకో’ అన్నది అమెరికా తెలుగువాళ్లు తప్పకుండా చెప్పుకునే జాగ్రత్త అయింది. చూసుకోవాల్సిందే. కానీ కొరింథియన్‌కు గుర్తింపు ఉంది. ఐటీటీ టెక్‌కూ ఉంది. ఆ రెండింటికీ గుర్తింపునిచ్చిన ఏసీఐసీఎస్ అనే సంస్థ హోదానే ఫెడరల్ విద్యాశాఖ 2016లో తీసేసింది, 2018లో మళ్లీ ఇచ్చింది, 2022లో పూర్తిగా రద్దు చేసింది. గుర్తింపు కాలేజీ నకిలీది కాదని చెబుతుంది. ఆ డిగ్రీకి బయట విలువ ఉందని హామీ ఇవ్వదు.

లాభాల కాలేజీల్లో చదివి బాగుపడినవాళ్లు లేరని ఎవరూ అనడం లేదు. నర్సింగ్ లాంటి చోట్ల రాష్ట్ర లైసెన్సు పరీక్ష ఉంటుంది. అది పాసైతే కాలేజీ పేరు వెనక్కి పోతుంది. డెమింగ్ బృందం కూడా లైసెన్సు అవసరమైన ఆరోగ్యరంగ ఉద్యోగాల్లో ఈ వివక్ష కనిపించలేదని చెప్పింది. యాజమాన్యమే ఫీజు కడుతూ, ఫలానా డిగ్రీ తెస్తే ఫలానా జీతమిస్తామని కాగితం మీద రాసిస్తే లెక్క మారుతుంది. ప్రభుత్వ కాలేజీల తప్పూ ఉంది. సాయంత్రం తరగతులు చాలవు, పిల్లలను చూసుకునే ఏర్పాట్లు ఉండవు, ఫోన్ చేస్తే పలికేవాళ్లు ఉండరు. రిక్రూటర్ ఫోన్ పది నిమిషాల్లో వస్తే కమ్యూనిటీ కాలేజీ ఫోన్ పది రోజులకు కూడా రాకపోవచ్చు. ఆ లోపాన్ని సరిదిద్దాలి. దాన్ని సాకుగా చూపి దోపిడీని సేవ అనడం కుదరదు.

ఆ వ్యాపారం గడిచిపోయిన కథ అనుకుంటే పొరపాటే. పేర్లు మారుతున్నాయి. అయోవాలోని క్లింటన్‌లో మూడొందల పైచిలుకు విద్యార్థులతో ఉన్న చిన్న క్రైస్తవ కాలేజీని బ్రిడ్జ్‌పాయింట్ కంపెనీ 2005లో కొని ఆష్‌ఫర్డ్ యూనివర్సిటీ అని పేరు పెట్టింది. ఐదేళ్లలో విద్యార్థులను 70 వేలు దాటించింది. 2020లో యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా దాన్ని ఒక్క డాలరుకు తీసుకుని తన పేరు తగిలించింది. విద్యార్థులను తప్పుదోవ పట్టించినందుకు కాలిఫోర్నియా కోర్టు 2022లో ఆష్‌ఫర్డ్‌కూ దాని పాత యాజమాన్యానికీ 2.24 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కప్లాన్ యూనివర్సిటీ కూడా ఇలాగే పర్డ్యూ చేతికొచ్చి 2018లో పర్డ్యూ గ్లోబల్ అయింది. కాబట్టి బోర్డు మీద ప్రభుత్వ విశ్వవిద్యాలయం పేరు చూసి నిశ్చింతగా ఉండే రోజులు పోయాయి.

కొరింథియన్ 2015లో, ఐటీటీ 2016లో, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్ 2023లో మూతపడ్డాయి. కొరింథియన్ విద్యార్థులు 5.6 లక్షల మందికి 580 కోట్ల డాలర్లు, ఐటీటీ విద్యార్థులు రెండు లక్షల పైచిలుకు మందికి 390 కోట్ల డాలర్లు 2022లో ఫెడరల్ ప్రభుత్వం మాఫీ చేసింది. ఆ భారం పడింది పన్ను కట్టేవాళ్ల మీద. మాఫీ వచ్చేదాకా ఏళ్లకేళ్లు అప్పుల వసూలు ఏజెంట్లతో వేగినవాళ్లకు, ఆ అప్పు మచ్చతో ఇల్లు కొనుక్కోలేకపోయినవాళ్లకు కాలాన్ని ఎవరూ తిరిగివ్వలేదు.

ఇంట్లో, ఆఫీసులో, గుడిలో ఎవరైనా ఉద్యోగం చేస్తూ చదవాలనుకుంటున్నానని చెబితే నిరుత్సాహపరచకండి. ‘ఏదో ఒక డిగ్రీ’ అని మాత్రం అనకండి. అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ వెబ్‌సైట్ ఉచితం. ఏ కాలేజీలో ఎందరు చదువు పూర్తిచేస్తున్నారో, ఎంత అప్పుతో బయటపడుతున్నారో, ఎంత సంపాదిస్తున్నారో అందులో ఉంటుంది. రిక్రూటర్‌కు మాటిచ్చేముందు పక్కన కూర్చుని ఆ పేజీ తెరిచి చూపించండి. అదే చదువుకు ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీ ఫీజు ఎంతో, తర్వాత ఆ క్రెడిట్లను రాష్ట్ర విశ్వవిద్యాలయం తీసుకుంటుందో లేదో కనుక్కోమనండి. తీసుకుంటామన్న మాట నోటిమాటగా కాక రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే సంతకం పెట్టమనండి.